గొట్టం దగ్గింది

షువైబాలో ఉప్పునీళ్ళని తాగేనీళ్ళు చేసే ప్లాంటు వెనక
మా క్యాంపు.
ఒక గురువారం రాత్రి మెస్సు గోడకి దుప్పటి కట్టి
పంపుల ఇంజినీరు లుబోష్
వాళ్ళ చెక్ దేశం సినిమా వేశాడు.
నలుపూ తెలుపూ. కింద అక్షరాలు కూడా లేవు.
"మాటలు నేను చెప్తాలే" అన్నాడు
తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో.

కథ ఇంతే.
ఒక ఊరు, ఊరి నడుమ స్తంభం, స్తంభానికి గొట్టం మైకు.
పొద్దున్నే పార్టీ మాట ఆ గొట్టంలోంచే రావాలి:
ఎన్ని బస్తాల ఆలుగడ్డ, ఎన్ని గుడ్లు,
జనానికి ఎంత ఆనందం.
ఒకనాడు గొట్టం దగ్గింది.
తీగ వదులైందో, లోపల పిచ్చుక గూడు పెట్టిందో.
ఊరి కమిటీ కూర్చుంది:
ఇది ఉత్త దగ్గా, పైనుంచి వచ్చిన దగ్గా?
పైది కాదని సంతకం పెట్టడానికి
ఒక్కడి జేబులోనూ కలం దొరకలేదు.
ఇక బడిపిల్లలు దగ్గు బట్టీపట్టారు.
బ్యాండుమేళం దగ్గుకి తాళం కట్టింది.
పెళ్ళికూతురు దగ్గాకే ఉంగరం తొడిగించుకుంది.
నిజంగా క్షయ ఉన్న ముసలాయన ఒక్కడు
వేళాపాళా లేకుండా దగ్గుతున్నాడని
జరిమానా కట్టాడు.

ఓబులేసు నేలమీద పడి దొర్లాడు.
"ఏందప్పా ఇది, మా సర్పంచి మీటింగే గదా!"
క్యాంపు బాస్ కురియన్ కూడా
టిష్యూతో కళ్ళొత్తుకుంటూ నవ్వాడు.
పోశెట్టి నవ్వలేదు.
పోయిన నెల తనిఖీ నాడు గదికో ఫ్రిజ్జు దింపి,
ఫొటోలు తీసి, చీకటి పడ్డాక మళ్ళీ లారీ ఎక్కించారు.
మోసింది అతనే.
"గా ఊరోళ్ళకు గూడ ఫ్రిజ్జులు దింపిండ్రా?" అన్నాడు.
నేను హిందీ చేసి చెప్పాను.
లుబోష్ కళ్ళజోడు తీసి
చాలాసేపు తుడుస్తూనే ఉన్నాడు.

వాళ్ళ నాన్న ఆ మేళంలో బాకా ఊదాడట,
తెరమీద అర నిమిషం.
పెద్దలు ముందు ఒక్క ముక్కే కత్తిరించమన్నారు.
దగ్గు కాదు,
చెప్పుల కొట్టు ముందు క్యూ.
తర్వాత హాల్లో జనం నవ్వడం విని
మొత్తం రీళ్ళు పెట్టెలో పెట్టి పద్దెనిమిదేళ్ళు తాళం వేశారు.
"వాళ్ళూ నవ్వారు" అన్నాడు లుబోష్.
"నవ్వాకే భయపడ్డారు."

మర్నాడు నోటీసు అంటించారు:
దుప్పట్లను పడకకు తప్ప ఇతర పనులకు వాడరాదు.

ఆదివారం, తెల్లారి ఐదు. వరసల్లో నిలబడ్డాం.
ఇసకగాలి.
సేఫ్టీ ఆఫీసర్ చేతి మైకు అందుకుని
"మనమంతా ఒకే కుటుంబం" అన్నాడు,
అని, దగ్గాడు.
వెనక వరసలోంచి ఒక దగ్గు.
అందరం ఓబులేసు వైపు చూశాం. వాడు కాదు.
పోశెట్టి. చిన్నగా, మర్యాదగా, నిటారుగా నిలబడి.
పక్కన ఇంకొకటి.
సినిమా చూడనే చూడని పెషావరు వెల్డరు గుల్‌జమాన్
గొంతు సవరించుకుని మరీ దగ్గాడు.
ఒక్క మొహంలోనూ నవ్వు లేదు.
కురియన్ తన బూట్లు చూసుకుంటున్నాడు,
చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

పదింటికి క్లినిక్ వ్యాను వచ్చింది.
మనిషికి రెండు పెనడాల్, ఒక సంతకం.
రిజిస్టరులో రాశారు:
దుమ్ము వల్ల జలుబు, డెబ్బై ఒక్కరు. చర్య తీసుకోబడింది.

రెండు నెలల ఓటీ డబ్బులు
దగ్గితే రాలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి.
పోశెట్టి ఆ రెండు మాత్రలూ
సివిల్ ఐడీ కవర్లో దాచుకున్నాడు.
తలనొప్పికైనా వేసుకోడు.

ఆ సినిమా ఆఖరు మేం చూడలేదు.
నైట్ షిఫ్టు బస్సు హారన్ కొట్టింది,
సగం మందిమి లేచిపోయాం, దుప్పటి విప్పేశారు.
గొట్టంలో ఉన్నది తీగో పిచ్చుకో
ఇప్పటికీ తెలీదు.
లుబోష్‌ని అడిగితే
అటూ ఇటూ చూసి
దగ్గుతాడు.